పోటు వచ్చేదాకా
(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ని కాను. ముప్పయ్యెనిమిదేళ్లు టెలిఫోన్ శాఖలో పనిచేసి 2012లో రిటైరైనవాణ్ని. మా శాఖలో పాతకాలం ట్రంకు కాల్ అంటే మూడు నిమిషాల లెక్క. మూడు నిమిషాలు కాగానే ఆపరేటరు మధ్యలోకి వచ్చేది. అందుచేత టైము చూసుకుని మాట్లాడటం నాకు అలవాటే. కార్యదర్శిగారు భయపడనక్కరలేదు.

ఆరోగ్యం మీద, పింఛను నిబంధనల మీద ఇక్కడ మంచి ప్రసంగాలు విన్నాం. నేను ఒక ప్రయాణం గురించి చెప్తాను. 2024 ఫిబ్రవరిలో నేనూ, మా ఆవిడా కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవికి వెళ్లి నాలుగు రోజులు ఉండి వచ్చాం. అక్కడ నేను చేసిన ఒక తప్పు, దానివల్ల జరిగిన ఒక మేలు, రెండూ దాచకుండా మనవి చేస్తాను.

మనం ఉండేది శంషాబాద్. నేను ఇక్కడ స్థలం కొన్నప్పుడు బెంగుళూరు రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్షతోటలు, జొన్నచేలు. ఉమ్దానగర్ స్టేషన్‌లో దిగి సంచులు మోసుకుంటూ నడిచి వచ్చేవాళ్లం. 2008 మార్చి 23న విమానాశ్రయం మొదలైంది. సుమారు 5,500 ఎకరాల స్థలం, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రన్‌వే. ఇప్పుడు మా డాబా ఎక్కితే విమానం పొట్ట కింద చక్రాలు కూడా కనిపిస్తాయి. మన ఇళ్లలో చాలావాటినుంచి పిల్లలు ఆ విమానాల్లోనే వెళ్లారు. మనకు మిగిలింది ఫోను.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. రోజూ పొద్దున్న ఏడింటికి ఫోను చేస్తాడు. మంచి పిల్లవాడు, ఒక్కరోజూ తప్పడు. కానీ ఆ ఏడింటి కోసం నేను ఆరున్నరకే కుర్చీలో కూర్చునేవాణ్ని. నడకకు పోతే మోగుతుందేమోనని నడక మానేశాను. జీవితమంతా ఊళ్లకు ఫోన్లు పెట్టినవాణ్ని, చివరికి నేనే ఫోనుకు కాపలాదారునయ్యాను. 2023 దసరాకు అబ్బాయి, "నాన్నా, ఆ ఇల్లు అమ్మేసి మా దగ్గరకు వచ్చెయ్యండి" అన్నాడు. ఇక్కడి ధరలు మీకు తెలిసినవే. నేను ఫోనులోనే "సరే, చూద్దాం లే" అన్నాను. రెండు నెలలకు ఆ "చూద్దాం" కాస్తా ఖాయమైపోయింది. మా ఆవిణ్ని అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు. ఆ మాట తర్వాత చెప్తాను.

ఇన్ని ఊళ్లుండగా కోరంగికే ఎందుకు వెళ్లామంటే, దానికి 1996 కారణం. ఆ సంవత్సరం నవంబరు 6న వచ్చిన తుపాను తూర్పుగోదావరి జిల్లాను అతలాకుతలం చేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కోనసీమలో కొబ్బరిచెట్లు లెక్కలేనన్ని నేలకొరిగాయి. స్తంభాలు, తీగలు అన్నీ పోయాయి. అప్పటికి బీఎస్ఎన్ఎల్ పుట్టలేదు, అది 2000 అక్టోబరులో వచ్చింది. హైదరాబాదునుంచి కొందరిని లైన్లు బాగుచేసే పనిమీద పంపారు. అందులో నేనొకణ్ని. షాద్‌నగర్ వైపు పల్లెలో పుట్టినవాణ్ని, నలభై నాలుగేళ్ల వయసులో మొదటిసారి సముద్రం చూశాను. చూసింది కూడా ఆ స్థితిలో.

కోరంగి పక్క ఒక ఊళ్లో లైన్‌మన్ ఒకాయన ఇంట్లో మాకు బస. ఆయన ఇంటి పైకప్పు సగం ఎగిరిపోయింది. మిగిలిన సగం కింద మాకు పక్కలు వేసి, వాళ్లు వంటింట్లో పడుకున్నారు. ఒకరోజు కాలువ ఒడ్డున నిలబడి ఆయన నాకు మడ అడవిని చూపించి, "ఇది అడ్డు లేకపోతే మీరు బాగుచెయ్యడానికి మా ఊరే ఉండేది కాదండి" అన్నాడు. వచ్చేటప్పుడు "ఈసారి అమ్మగారిని తీసుకుని రండి, తీరిగ్గా చూద్దురుగాని" అన్నాడు. వస్తానన్నాను. ఇరవై ఏడేళ్లు వెళ్లలేదు. అడగని మనిషికి ఇచ్చిన మాట ఎంత తేలిగ్గా వాయిదా పడుతుందో మీకు తెలుసు.

మా ఆవిడ ఆ ఏడు సంక్రాంతికి, "ఇల్లు అమ్మి వెళ్లిపోయేముందు ఆ కోరంగి ఒక్కటి చూపించండి" అంది. అబ్బాయి విమానం టికెట్లు కొంటానన్నాడు. ఇక్కణ్నుంచి రాజమండ్రికి విమానంలో గంటసేపు. మా ఆవిడ రైలే కావాలంది. సికింద్రాబాదులో రాత్రి గౌతమి ఎక్కాం. తెల్లవారకముందే ఆమె నన్ను తట్టి లేపి, చేతిలో రూపాయి బిళ్ల పెట్టింది. గోదావరి వంతెన. చీకట్లో బిళ్ల ఎక్కడ పడిందో కనబడలేదు గాని, విమానంలో వెళ్తే ఆ పని కుదిరేది కాదు.

కాకినాడలో దిగి యానాం బస్సు ఎక్కితే దారిలో చొల్లంగి, ఆ తర్వాత కోరంగి. పుష్య బహుళ అమావాస్యను ఆ వైపు వాళ్లు చొల్లంగి అమావాస్య అంటారు. ఆనాడు అక్కడ సాగర స్నానానికి జనం విరగబడతారు. మేము అమావాస్య వెళ్లిన మూడోనాడు చేరాం, జనం లేరు. లైన్‌మన్‌గారు కూడా ఇప్పుడు మనలాగే పింఛనుదారు. తల నెరిసింది, చూపు తగ్గింది. నా గొంతు విని, "హైదరాబాదు సార్ కదండీ" అన్నాడు. ఇరవై ఏడేళ్ల ఆలస్యం గురించి ఒక్క మాట అనలేదు. నేనే సిగ్గుపడ్డాను.

ఇక ఆ అడవి సంగతి. గోదావరి ధవళేశ్వరం దిగువన పాయలై, గౌతమి పాయ సముద్రంలో కలిసేచోట ఈ మడ అడవి పెరిగింది. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైన. మన వైపు అడవి అంటే రాయి, మోదుగు, సీతాఫలం. అక్కడ నేలే లేదు. రోజుకు రెండుసార్లు ఉప్పునీరు వచ్చి చెట్ల మొదళ్లు ముంచి, రెండుసార్లు వెనక్కు పోతుంది. నీరు రావడాన్ని పోటు అనీ, తీయడాన్ని పాటు అనీ అంటారు.

అటువంటి చోట చెట్టు బతకాలంటే ఎన్ని ఉపాయాలో చూడండి. బురదలో గాలి ఉండదు గనుక మడచెట్టు తన వేళ్లను పెన్సిళ్లలాగా పైకి పంపి గాలి పీలుస్తుంది. దాని ఆకు నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. ఒంట్లో చేరిన ఉప్పును ఆకుల మీదుగా బయటకు పంపేస్తుంది. బీపీ ఉన్నవాళ్లం మనకు ఆ విద్య లేదు. ఉప్పుపొన్న గింజ తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తి, జానెడు పొడుగు పెరిగి, అప్పుడు కిందికి దిగుతుంది. దిగిన చోట బురద దొరికితే నాటుకుంటుంది, నీరుంటే తేలుతూ పోయి మరోచోట నాటుకుంటుంది. మా ఆవిడ చాలాసేపు ఆ మొలకల్ని చూసి, "మన పిల్లల్లాగే" అంది. తిల్లచెట్టు పాలు మాత్రం కంట్లో పడితే ప్రమాదం, ముట్టుకోవద్దని చెప్పారు.

చొల్లంగి దగ్గర అటవీశాఖవాళ్లు చెట్ల మధ్యగా చెక్కవంతెన వేశారు. కర్ర ఊతమున్నవారు కూడా నెమ్మదిగా నడవవచ్చు. వంతెన కింద ఒక చెయ్యి పెద్దది, ఒక చెయ్యి చిన్నది ఉన్న పీతలు, బురదమీద ఎగిరే చేపలు. ఇక్కడ బావురుపిల్లి ఉంటుంది. పిల్లి అయి ఉండి నీళ్లలో దిగి చేపలు పడుతుంది. రాత్రి తిరిగే జంతువు, మాకు కనబడలేదు. నీటికుక్కల గుంపు ఒకటి కనబడింది, ఐదారు తలలు కాలువ దాటి వెళ్లాయి. మొదటిరోజు గంటలో చూసేద్దామని బయలుదేరాం. రెండోరోజు అదే చోట నాలుగు గంటలు కూర్చున్నాం. రెండోరోజు కనబడినవి మొదటిరోజు కనబడలేదు. తేడా మా కళ్లలో లేదు, కూర్చోవడంలో ఉంది. ఉద్యోగంలో ఉన్నవాడికి ఆ నాలుగు గంటలు ఎవరిస్తారు? మనకే ఉంది ఆ ఆస్తి.

ఇప్పుడు నిశ్శబ్దంగా ఉన్న ఆ ఊరు ఒకప్పుడు పేరున్న రేవు. ఓడలు కట్టేవారు. 1789లోనూ, 1839లోనూ ఉప్పెనలు ఆ రేవును ముంచాయి. 1789 ఉప్పెనలో మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చినట్లు రాశారు. కలకత్తాలో ఉండి ఇటువంటి గాలివానలను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయనే 1840లలో 'సైక్లోన్' అన్న మాటను పుట్టించాడు. ఈ తీరంనుంచి వేలాదిమంది బర్మాకు కూలికి వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవారు. మన జాతికి ఆ దేశంలో ఈ చిన్న ఊరి పేరే పెట్టారన్నమాట. మా పడవ నడిపినవాడు లైన్‌మన్‌గారి మేనల్లుడు. వాళ్ల తాత రంగూన్ రేవులో మూటలు మోశాడట. 1942లో యుద్ధం రాగానే కాలినడకన బయలుదేరినవాళ్లలో ఉన్నాడట. ఊరు చేరలేదు. "మా నాయనమ్మ మాత్రం రేవుకేసి చూసేదండి, ఓడలు ఆగిపోయినాక కూడానండి" అన్నాడు. ఫోను దగ్గర కూర్చునే నాకు ఆ మాట ఎక్కడో తగిలింది.

మూడోరోజు అనుమతులు తీసుకుని పడవమీద హోప్ దీవికి వెళ్లాం. గోదావరి తెచ్చిన ఇసుక సుమారు రెండు వందల ఏళ్లలో పేరుకుని ఏర్పడిన దిబ్బ అది. కాకినాడ రేవుకు అడ్డుగోడలా నిలబడి అలలను ఆపుతుంది. మేము ఆరింటికే బయలుదేరుదామన్నాం. పడవతను "నీళ్లు రావాలండి" అన్నాడు. ఎనిమిదిదాకా గట్టుమీద కూర్చున్నాం. కాలువలో కొంతదూరం పోయాక ఫోనులో సిగ్నల్ పోయింది. నేను పది నిమిషాలకోసారి తీసి చూస్తుంటే మా ఆవిడ నవ్వింది.

దీవిలో ఒడ్డు పొడుగునా ఇసుక. జనవరినుంచి తాబేళ్లు సముద్రంలోనుంచి వచ్చి గుడ్లు పెట్టే కాలం. ఆలివ్ రిడ్లే అనే జాతి. ఒక్కొక్కటి వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. సుమారు యాభై రోజులకు పిల్లలు వాటంతటవే బయటపడి నీళ్లవైపు పాకుతాయి. ఇసుకమీద ట్రాక్టరు చక్రాల అచ్చుల్లాంటి జాడలు కనబడ్డాయి. రాత్రి ఎక్కి దిగిన తాబేలు జాడ. ఇదిగో, ఇక్కడే నేను తప్పు చేశాను. ఇంకో జాడ, ఇంకో జాడ అంటూ నడిచాను. పడవతను రెండుసార్లు పిలిచాడు, "పాటు తీస్తుందండి, రండి" అని. "ఐదు నిమిషాలు" అన్నాను. ఆ ఐదు నిమిషాలు గంట దాటింది. ఆఫీసరు పిలిచాడంటే పరుగెత్తేవాణ్ని, నీళ్లు పిలిస్తే లెక్కచెయ్యలేదు.

మూడు గంటల వేళ కాలువ మొగలో పడవ అడుగు బురదకు తగిలింది. అంతే, కదల్లేదు. మా కళ్లముందే నీళ్లు ఒడ్డు విడిచి పోయాయి. పడవ బురదమీద పక్కకు ఒరిగి కూర్చుంది. "ఎంతసేపు?" అన్నాను. "పోటు వచ్చేదాకానండి. రాత్రి ఏడు దాటుద్దండి" అన్నాడు. దిగితే మోకాళ్లు దాటి బురద. ఫోను పలకదు. తెచ్చుకున్న పులిహోర సగం దీవిలో కుక్కలకు పెట్టేశాం, మిగతాది ఎండకు పాడైంది.

మా ఆవిడకు పదేళ్లుగా షుగరు. పొద్దున్న మాత్ర వేసుకుంది, మధ్యాహ్నం సరిగా తినలేదు. నాలుగున్నర ప్రాంతంలో "ఏమండీ, నాకేదో చెమటలు పోస్తున్నాయి" అంది. చేతులు వణుకుతున్నాయి. మాట ముద్దగా వస్తోంది. షుగరు పడిపోయిందని తెలుస్తోంది. గ్లూకోజు ప్యాకెట్టు లైన్‌మన్‌గారింట్లో బల్లమీద ఉంది. మిత్రులారా, ఆ క్షణంలో నేను పడ్డ భయం మీకెవరికీ వద్దు. పడవతను గాభరాపడలేదు. టీ కాచుకునే డబ్బాలోనుంచి పంచదార తీసి నీళ్లలో కలిపి ఇచ్చాడు. ఆమెకు తెలివి ఉంది, మింగగలిగింది. పావుగంటకు చెమట ఆరింది. తర్వాత పడవలోనే చిన్న పొయ్యిమీద గుప్పెడు బియ్యం వండి, ఉప్పుచేపతో పెట్టాడు. మేము శాకాహారులం కాము గనుక సరిపోయింది. ఆమె తిని, నా మొహం చూసి, "నాకేం కాలేదు లెండి. మీరే తెల్లబోయారు" అంది.

ఆ తర్వాత మూడు గంటలు మేమిద్దరం పడవలో పక్కపక్కన కూర్చున్నాం. చెయ్యడానికి ఏమీ లేదు. కొంగలు బురదలో నడుస్తున్నాయి. పొద్దు గుంకుతోంది. అప్పుడు ఆమె అంది, "ఒక మాట అడుగుతాను. ఇల్లు అమ్ముదామని మీరూ అబ్బాయీ అనుకున్నారు. నన్నెందుకు అడగలేదు?"

నా దగ్గర జవాబు లేదు. "నీకు ఇష్టమే అనుకున్నాను" అన్నాను.

"ఇందాక నాకేమన్నా అయి ఉంటే మీరు ఒక్కరే అక్కడికి వెళ్లేవారు. మీకేమన్నా అయితే నేను ఒక్కదాన్నే. అక్కడ వాళ్లిద్దరూ ఉద్యోగాలకు పోతే పగలంతా నేనెవరితో మాట్లాడను? ఇక్కడ పాలబ్బాయి ఉన్నాడు, పక్కింటి వదిన ఉంది. శ్రీరామనవమికి అమ్మపల్లి గుడికి నడిచి వెళ్తాను. పిల్లల దగ్గరకు వద్దని కాదు. ఆరు నెలలు ఉండి వద్దాం. రావడానికి ఒక గుమ్మం ఉండాలి కదా" అంది.

నలభై ఐదేళ్ల కాపురంలో ఆమె ఒక్కసారిగా అంతసేపు మాట్లాడటం, నేను అంతసేపు వినడం అదే మొదలు. ఇంట్లో అయితే మాట సగంలో ఉండగా ఫోను మోగేది, నేను లేచి వెళ్లేవాణ్ని. ఇక్కడ ఫోను మోగదు. లేచి పోవడానికి నేల లేదు. చుట్టూ బురద.

ఏడున్నరకు పడవ కింద ఎక్కడో చిన్న చప్పుడైంది. తర్వాత మెల్లగా నిటారుగా లేచింది. పడవతను గెడ వేశాడు. తొమ్మిదింటికి ఒడ్డు చేరాం. లైన్‌మన్‌గారు లాంతరు పట్టుకుని గట్టుమీద నిలబడి ఉన్నాడు. కళ్లు సరిగా కనబడని మనిషి, రెండు గంటలనుంచి అక్కడే ఉన్నాడట. మర్నాడు ఏడింటికి అబ్బాయి ఫోను చేశాడు. ఇంటి సంగతి తల్లి చేతనే చెప్పించాను. కొంతసేపు వాడు నొచ్చుకున్నాడు. తర్వాత "అమ్మా, ఈ మాట ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు. "అడిగితే చెప్పేదాన్ని" అంది. ఇల్లు అమ్మలేదు. ఆ వేసవిలో వెళ్లి అక్కడ ఆరు నెలలు ఉండి వచ్చాం.

ఇక పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. మన వయసులో ఇటువంటి చోట్లకు వెళ్లవద్దని నేను అనను. సిద్ధంకాకుండా వెళ్లవద్దంటాను.

మందులు, గ్లూకోజు, బిస్కెట్లు, మంచినీళ్లు ఒంటిమీద ఉండే సంచిలో పెట్టుకోండి. బసలో ఉన్న మందు ఉన్నట్టు కాదు. షుగరు మాత్ర వేసుకుంటే భోజనం వేళ తప్పకూడదు. డాక్టరును అడిగి బయలుదేరండి.

పోటుపాట్ల వేళ ముందురోజు రాత్రే పడవవాళ్లను అడిగి కాగితం మీద రాసుకోండి. ఆ వేళ రోజుకు ముప్పావుగంట పైగా జరుగుతుంది. పడవవాడు రమ్మన్నప్పుడు రండి. అక్కడ అతనే మన ఆఫీసరు.

పిల్లలకు "ఈ రోజు ఫోను పలకదు, రేపు ఫలానా వేళకు చేస్తాం" అని ముందే చెప్పండి. ఒడ్డున ఒక మనిషికి మీరు ఎటు వెళ్తున్నదీ, ఎప్పుడు వచ్చేదీ తెలిసి ఉండాలి.

చలికాలం చివర, జనవరి ఫిబ్రవరి నెలలు మేలు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. పైగా నవంబరులో మనకు లైఫ్ సర్టిఫికెట్ పని ఉంటుంది. బతికున్నామని రాసివ్వకముందే అంత దూరం పోవడం మంచిది కాదు!

రైల్లో వయోవృద్ధుల రాయితీని 2020 మార్చిలో ఆపేశారు. అయినా టికెట్టు తీసుకునేటప్పుడు కింది బెర్తు కోటా అడగడం మరవకండి. అడవిలో ప్లాస్టిక్కు పారెయ్యవద్దు, తాబేలు గుడ్లున్న చోట తొక్కవద్దు.

చివరిగా ఒక మాట. కోరంగి అందరూ వెళ్లలేకపోవచ్చు. మోకాళ్లు సహకరించనివారున్నారు, ఇంట్లో మంచాన ఉన్నవారిని చూసుకుంటున్నవారున్నారు. వారికి నా మనవి ఒక్కటే. వారానికి ఒక సాయంత్రం ఫోను లోపలి గదిలో పెట్టి, ఇద్దరూ గుమ్మంలో కూర్చోండి. మీ ఇంట్లో కూడా అడగని ప్రశ్న ఒకటి ఉండే ఉంటుంది.

నేను ఇప్పుడు మళ్లీ పొద్దున్న ఆరున్నరకు నడకకు వెళ్తున్నాను. అబ్బాయి ఏడింటికి చేసే ఫోను మా ఆవిడ ఎత్తుతుంది.

నాకిచ్చిన వేళ అయిపోయింది.